మా పేరు మీద తెరిచిన తలుపు: మంగళగిరి నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి, పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ), న్యూఢిల్లీ
గౌరవనీయులైన కార్యదర్శి గారికి, వినియోగదారుల వ్యవహారాల శాఖ, న్యూఢిల్లీ

విషయం: విదేశీ పెట్టుబడితో నడిచే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లలో చిన్న అమ్మకందారుకి రక్షణ

నమస్కారం.

మాది మంగళగిరి. మూడు తరాలుగా మగ్గం మీద బతుకుతున్న ఇల్లు. ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి, మా కోసం బయట నేసేవాళ్లవి ఇంకో పద్నాలుగు. నూలు తేవడం, రంగు అద్దించడం, కూలీ లెక్కలు మావారు చూసుకుంటారు. చీరలకి ఫోటోలు తీయడం, ఆన్‌లైన్‌లో పెట్టడం, ప్యాకింగ్, రిటర్నులు, జీఎస్టీ నా పని. ఆరేళ్ల పైనుంచి చేస్తున్నాను.

ఇందులో రాసే సంగతులు ఇదివరకే మెయిల్ పెట్టాను, పోర్టల్‌లో నింపాను, రిజిస్టర్ పోస్టులో పంపాను. ఒక చోట నుంచి మాత్రం ‘ఇది రెండు ప్రైవేటు పార్టీల మధ్య ఒప్పందం’ అని రెండు ముక్కలు వచ్చాయి, ఫిర్యాదు మూసేశారు. మిగతా చోట్ల నుంచి ఆ రెండు ముక్కలు కూడా రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మీకు తెలిసిన సంగతే గుర్తు చేస్తాను. అమెరికా కంపెనీ అమెజాన్ 2012లో మన దేశానికి ధరలు పోల్చి చూపించే జంగ్లీ అనే సైట్‌తో వచ్చింది. 2013 జూన్ 5న సొంత పేరుతో అంగడి తెరిచింది, అదీ పుస్తకాలు, సినిమాల డీవీడీలతో. వాళ్ల దేశంలో లాగా సొంతంగా సరుకు కొని గోడౌన్లో పెట్టుకుని అమ్మడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోలేదు. ఇప్పటికీ, ఆహార పదార్థాల్లాంటి మినహాయింపులు తప్ప, ఒప్పుకోదు. విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీ మార్కెట్‌ప్లేస్‌గా మాత్రమే ఉండాలి. అంటే బజారు దానిది, సరుకు ఇంకొకరిది. ఈ మాటని మీలో పరిశ్రమల శాఖే 2016 మార్చిలో ప్రెస్ నోట్ 3 అనే ఉత్తర్వులో స్పష్టంగా రాసింది. 2018 డిసెంబరులో ప్రెస్ నోట్ 2తో ఇంకా బిగించింది. వాల్‌మార్ట్ కూడా 2018లో 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొన్నప్పుడు ఇదే రూలు కిందకి వచ్చింది.

ఆ ‘ఇంకొకరు’ ఎవరయ్యా అంటే మేమే. మేము లేకపోతే మార్కెట్‌ప్లేస్ అనే మాటే లేదు. చిన్న వ్యాపారులకి దేశమంతా బజారు దొరుకుతుందని చెప్పే ఈ తలుపు తీశారు. 2020 జనవరిలో అమెజాన్ స్థాపించిన జెఫ్ బెజోస్ గారు ఢిల్లీ వచ్చినప్పుడు కూడా 100 కోట్ల డాలర్లు పెట్టి కోటి చిన్న వ్యాపారాలని ఆన్‌లైన్‌కి తెస్తామన్నారు. అప్పటి వాణిజ్య మంత్రి, వాళ్లేదో మనకి పెద్ద ఉపకారం చేయడం లేదని అన్న మాట కూడా గుర్తుంది. నాకు ఉపకారం అక్కర్లేదు. నా పేరు చెప్పి ఇచ్చిన అనుమతిలో నాకేం హక్కుందో అది చాలు.

మేలు జరగలేదని అనను. మా చీర గువాహటి వెళ్లింది, లేహ్ వెళ్లింది. అమెజాన్ 2019లో హైదరాబాద్‌లో తెరిచిన క్యాంపస్‌లో, ఇంకా అలాంటి ఆఫీసుల్లో మన పిల్లలు వేల మంది ఉద్యోగాలు చేస్తున్నారు. మా అమ్మకాల మీద ప్లాట్‌ఫామ్ ముందే పట్టుకునే పన్నుల్లో జీఎస్టీ టీసీఎస్‌ని 1 శాతం నుంచి అర శాతానికి, ఇన్‌కం ట్యాక్స్ టీడీఎస్‌ని 1 శాతం నుంచి 0.1 శాతానికి ప్రభుత్వం 2024లో తగ్గించింది. దానికి కృతజ్ఞతలు.

ఇక అసలు సంగతి. 2024 సెప్టెంబరు 24న, దసరాకి రెండున్నర వారాల ముందు, నా సెల్లర్ అకౌంట్ ఆగిపోయింది. ఏ ప్లాట్‌ఫామ్ అన్నది ఇక్కడ రాయను. ఇంకా అక్కడే అమ్ముకుని బతకాలి, పైగా గొడవ ఆ ఒక్క కంపెనీతో కాదు, రూలు లేకపోవడంతో.

పొద్దున ఆరున్నరకి లేచి చూస్తే మెయిల్. ‘మీ వస్తువుల అసలుతనంపై ఫిర్యాదు అందింది’ అని ఉంది. ఏ చీర, ఎవరు చేశారు, ఏమని చేశారు? ఒక్కటీ లేదు. తయారీదారు ఇచ్చిన ఇన్వాయిస్‌లు అప్‌లోడ్ చేయమన్నారు. తయారీదారులం మేమే. మాకు ఇన్వాయిస్ ఎవరిస్తారు? నూలు కొన్న బిల్లు, జరీ బిల్లు, చేనేత గుర్తింపు కార్డు, కూలీ పుస్తకంలో పేజీలు స్కాన్ చేసి పెట్టాను. పదకొండు నిమిషాల్లో తిరస్కరించారు. ఎందుకంటే బిల్లులో ‘కాటన్ హ్యాంక్ యార్న్’ అని ఉంది, లిస్టింగులో ‘చీర’ అని ఉంది, పేర్లు కలవలేదట. నూలే చీర అవుతుందని ఆ మెషీన్‌కి చెప్పడానికి పెట్టె లేదు.

మామగారు రోజూ మగ్గం దిగగానే అడిగేవారు, ‘ఎవరమ్మా వాడు? ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా?’ అని. ఏం చెప్పను? ఆయన యాభై ఏళ్లలో ఎంతోమంది సేట్లతో వ్యాపారం చేశారు. సరుకు నచ్చకపోతే ముఖాన కొట్టిన సేటు ఉన్నాడు, డబ్బు ఎగ్గొట్టిన సేటు ఉన్నాడు. కానీ అసలు ముఖమే లేని సేటుని ఆయన చూడలేదు.

పదిహేడు సార్లు అప్పీలు చేశాను. నవంబరు 5న, దీపావళి వెళ్లిన ఐదో రోజు, అకౌంట్ దానంతటదే తెరుచుకుంది. పొరపాటు జరిగిందనీ లేదు, మీ తప్పు ఇదనీ లేదు. మొత్తం 42 రోజులు. ఏడాదిలో మా అమ్మకం సగం జరిగేది ఆ రోజుల్లోనే.

ఇందులోంచి మామూలు మనుషుల మీద పడినవి, మేము కోరేవి కింద వరసగా రాస్తున్నాను.

1. ఆపే ముందు చెప్పాలి, ఎందుకో చెప్పాలి, వినే మనిషి ఉండాలి.

ఆ 42 రోజుల్లో 160 చీరలు ఇంట్లోనే ఉండిపోయాయి. మొదటి నాలుగు వారాలు కూలీ ఆపకుండా ఇచ్చాం, చిట్టీ పాడి మరీ. తర్వాత ఏడుగురికి ‘కొత్త పడుగు ఎక్కించొద్దు’ అని, అంటే నేత ఆపేయమని, చెప్పాల్సి వచ్చింది. చేనేతలో ఆ మాట అంటే ఏమిటో మీ చేనేత శాఖ వాళ్లని అడగండి. నేసే ఆయన ఒక్కడికే పని పోదు. కండెలు చుట్టే ఆయన భార్యకి పోతుంది, పడుగు చేసేవాళ్లకి పోతుంది, అద్దకం ఆయనకి పోతుంది. ఆ ఏడుగురిలో ఒకాయన విజయవాడలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేరారు, మళ్లీ రాలేదు. మొన్న వాళ్లింటికి వెళ్తే మగ్గం గుంట మీద చెక్కలు పరిచి మంచం వేసుకున్నారు.

ఇప్పుడు ఇది చూడండి. జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ 2018లో విచారణ మొదలుపెట్టి గట్టిగా అడిగితే, అమెజాన్ 2019లో అమ్మకందారులతో తన ఒప్పందాన్నే మార్చుకుంది. మామూలుగా అకౌంట్ తీసేయాలంటే 30 రోజుల ముందు నోటీసు, కారణం ఇవ్వాలని ఒప్పుకుంది. 2020 జులై 12న యూరోపియన్ యూనియన్ అంతటా ఇలాంటిదే చట్టం అమల్లోకి వచ్చింది. ఆపితే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, తీసేయాలంటే 30 రోజుల ముందు చెప్పాలి, పెద్ద ప్లాట్‌ఫామ్‌లు లోపలే ఫిర్యాదులు వినే ఏర్పాటు పెట్టుకోవాలి, తేలకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్లే దారి చూపాలి. జపాన్ 2020లో చట్టం చేసి, 2021లో అమెజాన్, రకుటెన్, యాహూ పేర్లు ప్రకటించి మరీ దాని కిందకి తెచ్చింది.

కంపెనీ అదే. కొత్త దేశంలో అడుగుపెట్టినప్పుడు ఆ దేశం ఏమడిగితే అది ఇస్తుంది, అడగనిది ఇవ్వదు. అందులో దాని తప్పేం లేదు, వ్యాపారం అంతే. మనం అడగలేదు. జర్మనీలో బూట్లు అమ్మేవాడికి చట్టం ఇచ్చిన 30 రోజులు మంగళగిరిలో చీరలు అమ్మేవాళ్లకి చట్టంలో ఎందుకు లేవు?

మేము కోరేది: మోసం, ప్రమాదకరమైన సరుకు లాంటి అత్యవసరాలు తప్ప, ఆపే ముందు కనీసం 15 రోజుల నోటీసు. ఏ వస్తువు మీద ఏ ఫిర్యాదో రాతపూర్వకంగా. అప్పీలుని మనిషే చదవాలి, ఏడు రోజుల్లో తేల్చాలి. తెలుగులో రాసినా చదవాలి. తేలకపోతే ప్లాట్‌ఫామ్‌తో సంబంధం లేని అంబుడ్స్‌మన్ ఉండాలి, బ్యాంకులకి ఉన్నట్టు.

2. కొన్నవాళ్లకి గడువుంది, అమ్మినవాళ్లకి లేదు.

వినియోగదారుల శాఖ వారు 2020 జులైలో ఈ-కామర్స్ రూల్స్ తెచ్చారు. వాటి ప్రకారం కొన్నవారు ఫిర్యాదు చేస్తే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మంచి రూలు. నేనూ ఆన్‌లైన్‌లో కొనేదాన్నే, నాకూ ఉపయోగపడింది. ఆ రూల్‌లో ‘వినియోగదారు’ పక్కన ‘అమ్మకందారు’ అన్న మాట కూడా చేర్చమని అడుగుతున్నాను.

3. పట్టి ఉంచిన డబ్బు.

అకౌంట్ ఆగిన రోజుకి, అప్పటికే డెలివరీ అయిపోయిన చీరల తాలూకు 61,400 రూపాయలు ప్లాట్‌ఫామ్ దగ్గర ఉన్నాయి. కొన్నవాళ్లు డబ్బు కట్టారు, చీర కట్టుకున్నారు. ఆ డబ్బు మాకు చేరింది మాత్రం అకౌంట్ తెరిచాకే. దానికి వడ్డీ లేదు, మేము చిట్టీకి కట్టాం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థ దగ్గర సరుకు కొన్నవాడు 45 రోజుల్లోపు డబ్బివ్వాలి, లేకపోతే వడ్డీ కట్టాలి. ప్లాట్‌ఫామ్‌లు మేము కొనలేదుగా, మధ్యవర్తులం అంటాయి. మధ్యవర్తి చేతిలో ఉన్న నా డబ్బుకి కూడా గడువు పెట్టండి. సరుకు చేరి, రిటర్న్ గడువు దాటాక అకౌంట్ ఆగినా సరే ఏడు రోజుల్లో ఇచ్చేయాలి. ఆలస్యమైతే వడ్డీ.

4. రిటర్నులు.

దీని గురించి ఎంతైనా రాయొచ్చు, ఒక్కటి చెప్తాను. లావెండర్ రంగు, నిజాం అంచు చీర ఒకటి 1,850కి వెళ్లింది. కమీషన్, ఫిక్స్‌డ్ ఫీజు, షిప్పింగ్, వాటి మీద జీఎస్టీ అన్నీ కలిపి 412 కోత పోతే మాకు రావాల్సింది 1,438. తొమ్మిదో రోజు తిరిగొచ్చింది. కవరు మాదే, మా లేబులే. విప్పితే లోపల వంగపండు రంగు సింథటిక్ చీర. పమిట దగ్గర పసుపు మరక, కుచ్చిళ్ల మడతలో పిన్నీసు అలాగే ఉంది. మామగారు రెండు వేళ్లతో అంచు నలిపి చూసి, ‘మిల్లు గుడ్డ. మన ఇంట్లోకి ఇదెట్లా వచ్చిందమ్మా?’ అన్నారు.

విప్పేటప్పుడు వీడియో తీశాను, ఇప్పుడు అన్నీ అలాగే విప్పుతాం, కెమెరా లేకుండా కత్తెర పట్టం. క్లెయిమ్ వేస్తే ‘చిత్రాల్లో స్పష్టత లేదు’ అని వచ్చింది. చీర పోయింది, పైగా రానూపోనూ షిప్పింగ్ 186 మా లెక్కలోంచే కోశారు. రెండు రోజుల నేత అది.

కొనేవాళ్లు మంచివాళ్లే, నూటికి తొంభై ఐదు మంది. రిటర్న్ హక్కు తీసేయమని కూడా అనను, అది ఉండబట్టే ముక్కూ మొహం తెలియని మా దగ్గర కొంటున్నారు. కానీ మారిపోయి వచ్చిన సరుకు నష్టం మొత్తం అమ్మినవాడి మీదే వేయడం ఏ న్యాయం? తిరిగి తీసుకునేటప్పుడే డెలివరీ ఏజెంటు ఫోటోతో సరిచూడాలి. చూడకుండా తీసుకుంటే ఆ నష్టం ప్లాట్‌ఫామ్‌ది కావాలి. (ఆ కుర్రాడికి రోజుకి ఎన్ని పార్సిళ్లు అంటగడుతున్నారో, సరిచూసే టైం వాడికి ఎక్కడుందో, అదీ మీరు చూడాల్సిందే. అది వేరే లేఖ అవుతుంది.)

5. మంగళగిరి పేరుతో మంగళగిరి కానిది.

ఇది వినియోగదారుల శాఖ వారికి ప్రత్యేకంగా. ఫోన్ తీసి ‘మంగళగిరి చీర’ అని వెతకండి. 399 రూపాయలకి ‘ప్యూర్ హ్యాండ్లూమ్ మంగళగిరి’ కనిపిస్తుంది. 80 కౌంటు సన్న నూలుతో గుంట మగ్గం మీద రెండు రోజులు నేసిన చీర 399కి వస్తే అందులో కూలీ ఎంత ఉంటుందో మీరే లెక్క వేయండి. అది పవర్‌లూమ్ గుడ్డ, దాని మీద మన నిజాం అంచు ప్రింటు వేసిందో, మిల్లులో దించిందో.

మంగళగిరి చీరలకి, వస్త్రాలకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, ఉంది. చేనేతకి కేటాయించిన రకాలని మరమగ్గం మీద నేయకూడదని 1985 చట్టం ఉంది. చట్టాలకి తక్కువేం లేదు. నేను ఆ లిస్టింగుల మీద ఫిర్యాదు చేయబోతే ఫారంలో మొదటి ప్రశ్న: ‘మీ ట్రేడ్‌మార్క్ నంబరు?’ జీఐ ఒక మనిషిది కాదు, ఊరిది. ఊరి నంబరు రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. అసలైన చీర నేసే మా అకౌంట్ ‘అసలుతనం’ పేరుతో 42 రోజులు ఆగింది. ఆ 399 లిస్టింగు ఒక్క రోజు ఆగలేదు.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. చెన్నైలో జీఐ రిజిస్ట్రీ ఉంది, అధీకృత వాడకందారుల జాబితా వాళ్ల దగ్గర ఉంటుంది. మంగళగిరి, పోచంపల్లి, వెంకటగిరి, గద్వాల, ఉప్పాడ లాంటి పేర్లతో ‘హ్యాండ్లూమ్’ అని లిస్టింగు పెట్టాలంటే ఆ జాబితాతో సరిపోలాలని ఒక్క ఆదేశం ఇవ్వండి. 2019-20 లెక్క ప్రకారం దేశంలో చేనేత మీద ఆధారపడిన పనివాళ్లు 35 లక్షలకి పైనే, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఇది ఒక్క మా ఊరి గొడవ కాదు.

6. వెతికితే ఎవరు ముందు కనిపించాలి?

మీ ప్రెస్ నోట్ 2 ప్రకారం మార్కెట్‌ప్లేస్ అమ్మకందారులందరినీ సమానంగా చూడాలి. తనకి వాటా ఉన్న సంస్థ చేత తన బజారులోనే అమ్మించకూడదు. అయినా అమెజాన్‌కి భాగం ఉన్న క్లౌడ్‌టెయిల్ అనే సంస్థ, వాటాల అమరిక మార్చుకుని, 2022 మే దాకా పెద్ద అమ్మకందారుగా నడిచింది. కొందరికే పెద్దపీట వేస్తున్నారన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద విచారణకి ఆదేశించింది. కోర్టుల చుట్టూ తిరిగి, 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు విచారణ ఆపడానికి ఒప్పుకోలేదు. ఆ తర్వాత కూడా హైకోర్టుల్లో కేసులు పడుతూనే వచ్చాయి. ఈలోగా నా లాంటి వాళ్లు ఎంతమంది దుకాణం మూసుకున్నారో ఏ ఫైల్లోనూ ఉండదు.

తప్పొప్పులు కోర్టులే తేలుస్తాయి, నేను తీర్పు చెప్పను. కానీ యూరప్ కమిషన్ దగ్గర 2022 డిసెంబరులో అదే కంపెనీ, ‘బై బాక్స్’లో, అంటే వస్తువు పేజీలో ‘కొనండి’ బటన్ ఎవరి సరుకుకి పడాలో తేల్చే చోట, అందరినీ సమానంగా చూస్తామనీ, అమ్మకందారుల డేటాని తన సొంత అమ్మకాలకి వాడుకోమనీ కట్టుబడింది. ఆ హామీ పత్రం తెప్పించుకుని చదవండి, అదే ఇక్కడా అడగండి.

ఇవన్నీ కొత్త ఈ-కామర్స్ విధానం వచ్చినప్పుడు చూద్దాం అంటారేమో. ఆ ముసాయిదా 2019 ఫిబ్రవరిలో వచ్చింది. 2021 జూన్‌లో వినియోగదారుల శాఖ ముసాయిదా సవరణలు కూడా వచ్చాయి. మా అబ్బాయి అప్పుడు రెండో తరగతి. 1, 2, 3 అంశాలకి విధానం దాకా ఆగక్కర్లేదు, నోటిఫికేషన్ చాలు. ఈ దసరాలోపు అవి రావాలని కోరుతున్నాను. దానికి ముందు మీ అధికారులు ఒకసారి మంగళగిరి వచ్చి ఇక్కడి అమ్మకందారులతో రెండు గంటలు కూర్చోవాలని కూడా కోరుతున్నాను. హోటల్లో సమావేశం వద్దు, మా ఇంట్లో చోటుంది, టీ మేం పెడతాం.

అన్ని మెయిళ్లు, పదిహేడు అప్పీళ్లు, వాటికి వచ్చిన జవాబులు ప్రింటు తీసి ఫైలు కట్టి పెట్టాను. ఆ వంగపండు రంగు చీర కూడా పిన్నీసుతో సహా బీరువా కింది అరలో ఉంది. రుజువుగా కావాలంటే చెప్పండి, పంపిస్తాను. షిప్పింగ్ మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
ఒక చేనేత కుటుంబపు కోడలు,
మంగళగిరి, గుంటూరు జిల్లా